గడియారాలు కదిలినా మీటింగ్ కదలకూడదు: రిమైండర్ ప్రాజెక్టు డైరీ

సోమవారం: పాత స్క్రిప్ట్ చదవడం

వారానికోసారి ఆన్‌లైన్‌లో కలిసే ఒక చిన్న బృందానికి రిమైండర్లు పంపే ప్రోగ్రామ్‌ని మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు వాడుతున్నది చాలా చిన్న స్క్రిప్ట్. మొదటి మీటింగ్ సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా కొలమానంగా వాడే ఒకే గడియారం ప్రకారం, దాచుకుంటుంది, వారం వారం దానికి 604800 సెకన్లు కలుపుతుంది, అంతే. ఏడు రోజులు, రోజుకి 24 గంటలు. లెక్కలో తప్పేమీ లేదు. ఏడాదిలో చాలా వారాలు బాగానే నడుస్తుంది కూడా. గొడవంతా మార్చిలోనూ, అక్టోబర్ చివరలోనూ.

కాగితం మీద వేసి చూశాను. మీటింగ్ లండన్ టైమ్ ప్రకారం గురువారం సాయంత్రం 7 గంటలకు. 2026 అక్టోబర్ 22న లండన్ ఇంకా డేలైట్ సేవింగ్‌లోనే ఉంటుంది (వేసవి నెలల్లో గడియారాల్ని ముందుకి జరిపే పద్ధతి), యూటీసీ కంటే గంట ముందు. అంటే యూటీసీలో 18:00. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2. కాఠ్మాండూ యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది కాబట్టి అక్కడ రాత్రి 11:45.

అక్టోబర్ 25, ఆదివారం నాడు బ్రిటన్ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. దాంతో 29వ తేదీ లండన్ 7 గంటలంటే యూటీసీలో 19:00. అమెరికాలో మార్పు నవంబర్ 1న గానీ రాదు. కాబట్టి ఆ ఒక్క వారం న్యూయార్క్ వాళ్లకి మీటింగ్ 3 గంటలకి పడుతుంది, నవంబర్ 5కల్లా మళ్లీ 2కే వచ్చేస్తుంది. నేపాల్‌లో గడియారం మార్చే పద్ధతే లేదు. అయినా అసలు దెబ్బ అక్కడే తగులుతుంది: రాత్రి 11:45 కాస్తా 12:45 అవుతుంది. అంటే గురువారం మీటింగ్ చలికాలమంతా శుక్రవారం తేదీలో పడుతుంది.

పాత స్క్రిప్ట్‌కి ఇవేమీ పట్టవు. 29న కూడా 18:00కే రిమైండర్ పంపుతుంది. లండన్ వాళ్లు 6 గంటలకే కాల్‌లో చేరి, ఎవరూ రాక, గ్రూపులో మెసేజీలు పెట్టుకుంటారు. పోయిన అక్టోబర్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

మంగళవారం: ఏది అసలు, ఏది లెక్క

డేట్ల గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట ఒకటే: "అన్నీ యూటీసీలో దాచుకో, చూపించేటప్పుడు మార్చుకో." జరిగిపోయిన వాటికి ఇది నూటికి నూరు పాళ్లూ సరైన సలహా. మెసేజ్ ఎప్పుడు వెళ్లింది, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, డబ్బు ఎప్పుడు జమైంది, ఇలాంటివన్నీ కాలంలో ఒక్క బిందువు. అవి ఇక మారవు.

జరగబోయే మీటింగ్ సంగతి వేరు. మనుషులు ఒప్పుకున్నది "లండన్‌లో గురువారం 7 గంటలకు" అని. అసలు డేటా అదే. యూటీసీ 18:00 అన్నది ఈరోజున్న నిబంధనలతో మనం కట్టిన లెక్క. రేపు ఆ దేశం నిబంధన మార్చితే లెక్క మారాలి, ఒప్పందం కాదు. యూటీసీ మాత్రమే దాచుకున్నవాడి దగ్గర ఆ ఒప్పందం మిగలదు, వెనక్కి వెళ్లి కనుక్కునే దారీ ఉండదు.

నిబంధనలు అంత తరచుగా మారతాయా అంటే, మారతాయి. మెక్సికో 2022 అక్టోబర్ చివర్లో దేశంలో చాలా భాగానికి డేలైట్ సేవింగ్ ఎత్తేసింది. జోర్డాన్, సిరియా అదే నెలలో శాశ్వతంగా +03కి, అంటే యూటీసీకి 3 గంటలు ముందుకి, వెళ్లిపోయాయి. ఈజిప్టు అంతకుముందు ఎత్తేసినదాన్ని 2023లో మళ్లీ తెచ్చుకుంది. కజకిస్తాన్ 2024 మార్చి 1న దేశమంతా ఒకే జోన్ చేసింది. ఉత్తర కొరియా 2015లో అరగంట వెనక్కి జరిగి, 2018లో మళ్లీ ముందుకొచ్చింది. మొరాకో అయితే ఏడాదంతా +01లో ఉండి, రంజాన్ నెలలో మాత్రం గంట వెనక్కి వెళ్తుంది. ఆ తేదీలు చాంద్రమానం ప్రకారం నడుస్తాయి కాబట్టి మన క్యాలెండర్‌లో ఏటా మారుతూనే ఉంటాయి.

అందుకే టేబుల్‌లో మీటింగ్‌కి మూడు కాలమ్‌లు పెట్టాను. ఒకటి లోకల్ టైమ్, జోన్ ఊసు లేకుండా. రెండోది జోన్ పేరు, "యూరప్/లండన్" లాగా. మూడోది ఆ రెండింటి నుంచీ లెక్కగట్టిన యూటీసీ సమయం. మొదటి రెండే అసలు. మూడోది పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. మరి దాన్ని దాచడం ఎందుకంటే, "వచ్చే పది నిమిషాల్లో ఏ రిమైండర్లు వెళ్లాలి" అన్న ప్రశ్నకి డేటాబేస్ వేగంగా జవాబు చెప్పాలి, దానికి ఆ కాలమ్ మీద ఇండెక్స్ (వెతుకులాటకి పనికొచ్చే సూచిక) కావాలి.

జోన్ కాలమ్‌లో "+01:00" అని ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) మాత్రమే దాచుకునే ప్రోగ్రామ్‌లు చాలా చూశాను. అది చాలదు. +01:00 అంటే వేసవి లండనా, చలికాలం పారిసా, ఏడాది పొడవునా లాగోసా? ఆ మూడింటికీ వచ్చే నెలలో ఏమవుతుందో ఆఫ్‌సెట్ చెప్పలేదు.

బుధవారం: పోస్ట్‌గ్రెస్‌తో కాసేపు

నేను వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో "టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్" అనే డేటా టైపుంది. పేరు చూసి జోన్ కూడా అందులోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇచ్చిన సమయాన్ని యూటీసీకి మార్చి దాచుకుంటుంది, తిరిగి అడిగినప్పుడు ఆ సెషన్‌కి ఏ జోన్ సెట్ చేసి ఉంటే అందులో చూపిస్తుంది. ఏ జోన్‌లో ఇచ్చామో మర్చిపోతుంది. జోన్ లేని టైపు ఇంకా మొండిది. దానికి "2026-10-22 19:00+01" అని ఇస్తే చివరి +01ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

ఈ రెండూ తెలిసి వాడితే మంచివే. మొదటి కాలమ్‌కి జోన్ లేని టైపు, మూడోదానికి జోన్ ఉన్న టైపు, మధ్యలో జోన్ పేరుకి మామూలు టెక్స్ట్. పుట్టినరోజుల్లాంటి వాటికి అచ్చంగా తేదీ టైపు. పుట్టినరోజుకి అర్ధరాత్రి 00:00 తగిలించి యూటీసీకి మార్చామంటే సగం ప్రపంచంలో ఒకరోజు ముందే వచ్చేస్తుంది.

గురువారం: లేని సమయం, రెండుసార్లు వచ్చే సమయం

ఈరోజంతా ప్రోగ్రామ్ రాస్తున్న భాష పైథాన్‌తోనే. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సరదాగా అనిపించిన పని ఇదే.

2026 మార్చి 8న న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2 గంటలకి గడియారం తిన్నగా 3కి దూకుతుంది. అంటే ఆ రోజు 02:30 అనేదే ఉండదు. నవంబర్ 1న 2 గంటలకి మళ్లీ 1కి వెనక్కొస్తుంది. అంటే 01:30 రెండుసార్లు వస్తుంది. యూజర్ ఈ రెండు సమయాల్లో ఏదో ఒకటి టైప్ చేస్తే ప్రోగ్రామ్ ఏం చేయాలి?

పైథాన్ ఏ ఎర్రరూ ఇవ్వదు. 3.6 వెర్షన్ నుంచి డేట్‌టైమ్ ఆబ్జెక్టుకి "ఫోల్డ్" అనే గుర్తు ఉంది: 0 అయితే మొదటిసారి, 1 అయితే రెండోసారి. నవంబర్ 01:30కి ఫోల్డ్ 0 పెడితే యూటీసీ 05:30, 1 పెడితే 06:30. ఇక్కడిదాకా అర్థవంతంగానే ఉంది. లేని సమయానికి కూడా ఇదే సూత్రం వాడుతుంది. మార్చి 8 నాటి 02:30కి ఫోల్డ్ 0 అయితే మార్పుకి ముందున్న −05:00 ఆఫ్‌సెట్ తీసుకుని యూటీసీ 07:30 అంటుంది. దాన్ని తిరిగి న్యూయార్క్ టైమ్‌కి మార్చితే 03:30 వస్తుంది. ఇచ్చింది 02:30, తిరిగి వచ్చింది 03:30.

నా పరీక్ష అక్కడినుంచే పుట్టింది. ఏ లోకల్ టైమ్ ఇచ్చినా యూటీసీకి పంపి వెనక్కి తెస్తాను. బయల్దేరినదీ తిరిగొచ్చినదీ ఒకటి కాకపోతే అది లేని సమయం. ఒకటే అయి, ఫోల్డ్ 0కీ 1కీ వేర్వేరు యూటీసీలు వస్తే అది రెండుసార్లు వచ్చే సమయం. నాలుగైదు లైన్ల ఫంక్షన్, అన్ని జోన్లకీ పనిచేస్తుంది.

అన్ని జోన్లకీ అని ఊరికే అనలేదు, వింత జోన్లన్నీ ఏరి మరీ పెట్టాను. ఆస్ట్రేలియాకి చెందిన లార్డ్ హౌ దీవిలో డేలైట్ సేవింగ్ అరగంటే. 2026 అక్టోబర్ 4న అక్కడ 02:15 ఉండదు, నా ఫంక్షన్ దాన్ని 02:45 చేసింది. "డేలైట్ అంటే గంట" అని కోడ్‌లో ఎక్కడైనా 3600 రాసి ఉంటే ఈ దీవి బయటపెట్టేస్తుంది. బ్రెజిల్‌లోని సావ్ పావ్లోలో డేలైట్ సేవింగ్ ఉన్న రోజుల్లో మార్పు సరిగ్గా అర్ధరాత్రి జరిగేది. అందుకే 2018 నవంబర్ 4న 00:00 లేదు, ఆ రోజు 01:00తో మొదలైంది. రోజు మొదలవడమంటే 00:00 అనుకునే కోడ్ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. పసిఫిక్ ద్వీపదేశం సమోవా అయితే 2011 డిసెంబర్ 30ని మొత్తంగా వదిలేసింది. 29 గురువారం తర్వాత తిన్నగా 31 శనివారం. ఆ లేని శుక్రవారం మధ్యాహ్నం 12 ఇస్తే ఫంక్షన్ శనివారం 12 తెచ్చిచ్చింది. గంటైనా, అరగంటైనా, రోజైనా ఒకే కోడ్.

ఇక నిర్ణయం: లేని సమయం ఇస్తే ముందుకి జరుపుతాను, రెండుసార్లు వచ్చేది ఇస్తే మొదటిది తీసుకుంటాను. ఇది నా సొంత తెలివి కాదు. క్యాలెండర్ల కోసం 2009లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 5545 చెప్పేదీ ఇదే. మనం పంపే ఆహ్వానాన్ని వేరే క్యాలెండర్ తెరిచినప్పుడు రెండూ ఒకే సమయం చూపించాలి కదా. స్క్రీన్ మీద మాత్రం యూజర్‌కి ఒక వాక్యం చూపిస్తాం: "ఆ రోజు 2:30 లేదు, 3:30కి పెట్టాం."

పడుకోబోయే ముందు ఇంకో సంగతి రాసుకోవాలి. పైథాన్‌లో ఒకే జోన్‌లో ఉన్న రెండు సమయాల్ని తీసివేస్తే ఆఫ్‌సెట్‌లు పట్టించుకోదు. న్యూయార్క్ మార్చి 8న 04:00 లోంచి 01:00 తీసేస్తే 3 గంటలంటుంది. నిజానికి గడిచింది 2 గంటలే. రెండింటినీ ముందు యూటీసీకి మార్చి తీసేస్తే 2 వస్తుంది. ఇది బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు, "రేపు ఇదే టైమ్‌కి" అనే లెక్కకి అది పనికొస్తుంది. కానీ రెండు అవసరాలకీ ఒకే మైనస్ గుర్తు పెట్టడం నాకు నచ్చలేదు. 2014లో జావా 8తో వచ్చిన డేట్ లైబ్రరీలో లోకల్ సమయానికి ఒక టైపు, జోన్ ఉన్న సమయానికి ఒకటి, కాలంలో బిందువుకి వేరే ఒకటి ఉన్నాయి. కలిపేద్దామన్నా కంపైలర్ (కోడ్‌ని నడిపే ముందు సరిచూసే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. ఈ విషయంలో జావా వాళ్లని చూస్తే కొంచెం కుళ్లుగానే ఉంది. నా కోడ్‌లో నియమం ఇలా పెట్టాను: వ్యవధి లెక్కలన్నీ యూటీసీలో, "వచ్చే వారం ఇదే టైమ్" లెక్కలన్నీ జోన్ లేని లోకల్ టైమ్‌లో. జోన్ తగిలించిన ఆబ్జెక్టుల మీద కూడికలూ తీసివేతలూ ఎక్కడా ఉండవు.

శనివారం: జోన్ డేటా మారితే

ప్రపంచంలోని జోన్ల చరిత్రంతా ఒక డేటాబేస్‌లో ఉంటుంది. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు, తర్వాత పాల్ ఎగర్ట్ చూసుకుంటూ వచ్చారు. 2011 నుంచి అది ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసుకునే ఐకాన్ సంస్థ గొడుగు కింద ఐఏఎన్ఏ దగ్గర ఉంది. ఫోన్లు, సర్వర్లు, ప్రోగ్రామింగ్ భాషలు చాలావరకు దీని మీదే ఆధారపడతాయి. ఏటా కొన్ని విడుదలలు వస్తాయి, పేరులో సంవత్సరం, పక్కన ఒక అక్షరం.

అన్నిటికంటే తమాషా అయినవి 2023 నాటి బి, సి విడుదలలు. లెబనాన్ ప్రభుత్వం మార్చి 26న గడియారాలు మార్చాల్సి ఉండగా, సరిగ్గా కొద్ది రోజుల ముందు ఏప్రిల్ 21కి వాయిదా వేసింది. దాని కోసం బి విడుదల తెచ్చారు. దేశంలో కొందరు వాయిదా పాటించారు, కొందరు పాటించలేదు, ఒకే ఊళ్లో రెండు టైమ్‌లు నడిచాయి. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సి విడుదల బిలో చేసిన మార్పులన్నీ తీసేసి 2023ఏ స్థితికి తీసుకెళ్లింది. ఆ మధ్య రోజుల్లో బి మాత్రమే ఇన్‌స్టాల్ చేసుకుని ఆగిపోయిన సర్వర్ ఏప్రిల్ 21 దాకా లెబనాన్‌కి గంట తప్పు చూపిస్తూ ఉంటుంది.

ఈరోజు దీన్ని నా టేబుల్ మీద ప్రయోగించి చూశాను. పైథాన్ 3.9 నుంచి జోన్ల కోసం ఉన్న జోన్‌ఇన్ఫో అనే లైబ్రరీ ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డేటా చూస్తుంది, దొరక్కపోతే అదే జోన్ డేటాని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే టీజెడ్‌డేటా ప్యాకేజీకి వెళ్తుంది. పైథాన్‌టీజెడ్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీగా పెడితే సిస్టమ్ వైపు చూడకుండా ప్యాకేజీనే వాడుతుంది. కాబట్టి పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి కాలంలో వెనక్కి వెళ్లొచ్చు. 2022ఈ డేటాతో "మెక్సికో సిటీ, 2023 జూన్ 15, ఉదయం 10" అని ఒక మీటింగ్ పెట్టాను. యూటీసీ 15:00 వచ్చింది. ప్యాకేజీని 2022ఎఫ్‌కి మార్చి మళ్లీ లెక్కించమన్నాను. 16:00 వచ్చింది. యూటీసీ మాత్రమే దాచి ఉంటే ఆ మీటింగ్ మెక్సికోలో 9కి మోగేది.

అందుకని నాలుగో కాలమ్ వచ్చి చేరింది: ఏ డేటా వెర్షన్‌తో లెక్కగట్టామో. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఇప్పుడున్న వెర్షన్‌తో పోల్చుకుంటుంది. తేడా ఉంటే రాబోయే మీటింగ్‌లన్నిటికీ యూటీసీ తిరిగి కడుతుంది. జరిగిపోయిన వాటిని ముట్టుకోదు. సిస్టమ్ డేటాని నమ్ముకోకుండా ప్యాకేజీ మీదే స్థిరపడ్డాను. ఒక సర్వర్‌లో ఒక వెర్షన్, ఇంకో సర్వర్‌లో ఇంకోటి ఉంటే ఒకే మీటింగ్‌కి రెండు జవాబులొస్తాయి, ఆ టెన్షన్ నాకొద్దు.

ఆదివారం: స్క్రీన్ వైపు

ఫ్రంటెండ్, అంటే యూజర్‌కి కనిపించే స్క్రీన్ భాగం, చూస్తున్న స్నేహితుడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "నీ ఏపీఐ పాడైనట్టుంది రా, తేదీ ఒకరోజు వెనక చూపిస్తోంది."

"తేదీ ఒక్కటే పంపుతున్నా కదా, దాన్ని జావాస్క్రిప్ట్ డేట్‌లో పెట్టావా?"

"పెట్టకుండా ఎలా చూపిస్తానురా?"

సంగతి ఇది. బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్‌లో "2026-10-22" అని తేదీ మాత్రమే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. పక్కన టైమ్ కూడా ఇచ్చి జోన్ ఇవ్వకపోతే లోకల్ సమయంగా తీసుకుంటుంది. ఒకే ఫంక్షన్, రెండు అర్థాలు. అమెరికా జోన్‌లో ఉన్న యూజర్‌కి మొదటిది 21వ తేదీ సాయంత్రమవుతుంది. తేదీని డేట్ ఆబ్జెక్టులో పెట్టకుండా మూడు అంకెలుగానే విడదీసి చూపించమన్నాను. జావాస్క్రిప్ట్‌లో నెలల లెక్క 0 నుంచి మొదలవుతుందని గుర్తుచేయబోతే "అది నాకు తెలుసులేవో" అని నవ్వాడు.

ఇంకో విషయం వాడే పట్టుకున్నాడు. బ్రౌజర్‌ని యూజర్ జోన్ అడిగితే కొన్ని "ఏషియా/కోల్‌కతా" బదులు "ఏషియా/కల్కత్తా" అని పాత పేరు ఇస్తున్నాయి. రెండూ ఒకటే, పాత పేర్లు డేటాబేస్‌లో లింకులుగా మిగిలే ఉంటాయి. కీవ్ స్పెల్లింగ్ 2022లో మారినప్పుడూ ఇలాగే పాతదాన్ని ఉంచారు. కాబట్టి జోన్ పేర్లని అక్షరాలా పోల్చే ఇఫ్ కండిషన్ ఎక్కడున్నా తీసేశాం.

ఐఎస్‌టీ, సీఎస్‌టీ లాంటి పొట్టి పేర్లు స్క్రీన్ మీద ఎక్కడా ఉండకూడదని తేల్చుకున్నాం. ఐఎస్‌టీ అంటే ఇండియా, ఐర్లండ్, ఇజ్రాయెల్ మూడూ తమదే అంటాయి. సీఎస్‌టీ ఇటు చైనాది, అటు అమెరికా మధ్య భాగానిది. నగరం పేరు, యూటీసీతో తేడా, అంతే చూపిస్తాం. "ఈటీసీ/జీఎంటీ+5" లాంటివి జాబితాలోంచే తీసేశాం. అందులో గుర్తు తిరగబడి ఉంటుంది, +5 అంటే యూటీసీకి 5 గంటలు వెనక. అది చూసి యూజర్ సరిగ్గా ఎంచుకుంటాడని ఆశపడటం అత్యాశే.

మంగళవారం: పంపే భాగం, టెస్టులు

చెప్పిన సమయానికి పనులు నడిపే క్రాన్ అనే సాధనం వద్దనుకున్నాను. సర్వర్ లోకల్ జోన్‌లో ఉంటే తెల్లవారుజామున 2:30కి పెట్టిన పని మార్చిలో ఏమవుతుందో, నవంబర్‌లో 1:30కి పెట్టినది ఎన్నిసార్లు నడుస్తుందో ఆ క్రాన్ రకాన్ని బట్టి ఉంటుంది. దాని బదులు నిమిషానికోసారి ఒక లూప్: యూటీసీ కాలమ్ ఇప్పటికంటే వెనకున్నవి, ఇంకా పంపనివి తీసి పంపుతుంది. పంపినట్టు రాసే టేబుల్‌లో మీటింగ్ ఐడీ, లోకల్ తేదీ కలిపి యునీక్ కీ పెట్టాను. యూటీసీ మళ్లీ లెక్కగట్టి గంట అటూ ఇటూ అయినా ఒకే మీటింగ్‌కి రెండో రిమైండర్ వెళ్లడానికి డేటాబేసే ఒప్పుకోదు.

లీప్ సెకన్ల గురించి స్నేహితుడు అడిగాడు: భూభ్రమణంతో సరిపోవడానికి యూటీసీకి అప్పుడప్పుడూ కలిపే సెకన్లు. 1972 నుంచి 27 కలిపారు, చివరిది 2016 డిసెంబర్ 31న. 2035 నాటికి ఆ పద్ధతి ఆపాలని 2022లో తీర్మానం కూడా అయింది. రిమైండర్ ఒక సెకను అటూ ఇటూ వస్తే ఎవరికీ నష్టం లేదు. వదిలేశాను.

టెస్టుల్లో రెండు అలవాట్లు. ఏ ఫంక్షనూ తనంతట తాను "ఇప్పుడు టైమెంత" అని సిస్టమ్‌ని అడగదు, సమయాన్ని బయటినుంచి ఇస్తాం. దాంతో 2026 నవంబర్ 1 అర్ధరాత్రి ఎలా ఉంటుందో ఈరోజే చూడొచ్చు. రెండోది, టెస్టులు మొత్తం వేర్వేరు జోన్లలో నడుస్తాయి: యూటీసీ, న్యూయార్క్, లార్డ్ హౌ, ఇంకా అన్నిటికంటే ముందుండే పసిఫిక్ దీవి కిరితిమాతి, అది +14. టెస్ట్ సర్వర్లు సాధారణంగా యూటీసీలోనే ఉంటాయి, అక్కడ లోకల్‌కీ యూటీసీకీ తేడా ఉండదు కాబట్టి ఆ రెండూ కలిసిపోయిన కోడ్ కూడా హాయిగా పాసైపోతుంది. కిరితిమాతిలో నడపగానే వారపు రిపోర్ట్ టెస్ట్ ఒకటి ఎర్రగా వెలిగింది. పాత స్క్రిప్ట్ నుంచి తెచ్చిన ఒక లైన్ సర్వర్ లోకల్ తేదీ తీసుకుంటోంది. దాన్ని మార్చేశాను.

ఇక మిగిలింది కోడ్ కంటే మనుషుల ప్రశ్న. మీటింగ్ పెట్టినవాళ్లు లండన్ నుంచి న్యూయార్క్ మారిపోతే మీటింగ్ లండన్ 7 గంటలకే ఉండాలా, వాళ్లతో పాటు కదలాలా? ప్రస్తుతానికి మీటింగ్ జోన్‌ని ప్రొఫైల్ జోన్ నుంచి విడదీశాను. ప్రొఫైల్‌లో జోన్ మార్చితే చూపించే టైమ్ మారుతుంది గానీ మీటింగ్ కదలదు. కదపాలంటే మీటింగ్ పేజీకి వెళ్లి అడగాలి. అప్పుడు ప్రతి సభ్యుడికీ కొత్త లోకల్ టైమ్, తేదీ మారుతుంటే అది కూడా, ముందే చూపించే స్క్రీన్ ఒకటి కావాలి. స్నేహితుడు దాని డిజైన్ మొదలుపెట్టాడు. జోన్ డేటా మారి యూటీసీ తిరిగి లెక్కగట్టినప్పుడు వెళ్లే మెయిల్‌కి కూడా అదే స్క్రీన్ పనికొస్తుందేమో చూడాలి.